టీచరును అడగరా?

మూడో తరగతిలో తీసివేతలు నడుస్తున్నాయి. 43లోంచి 17 తీసెయ్యాలి. బల్ల మీద పదేసి చీపురు పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు. మూడింట్లోంచి ఏడు ఎలా తీస్తావని టీచర్ అడిగితే ఓ పిల్లాడు కాసేపు తల గోక్కుని, ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేశాడు. పది పుల్లలు బల్ల మీద పరుచుకున్నాయి. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో వాడి వేళ్లకు తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే మండల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: స్మార్ట్ టీవీ వాడుతున్నట్టు ఫొటో పదకొండింటిలోగా పంపాలి. టీచర్ లేచి టీవీ పెట్టారు. పిల్లల్ని అటు తిప్పి కూర్చోబెట్టి ఫొటో తీశారు, పంపారు, టీవీ కట్టేశారు. మళ్లీ పుల్లల దగ్గరికి వచ్చేసరికి సగం మంది పిల్లల ధ్యాస ఎటో పోయింది.

మా విలేకరి ఈ వారం ఓ పల్లె బడిలో కళ్లారా చూసింది ఇది. ఊరి పేరు రాస్తే ఆ టీచరుకు మెమో వస్తుందని రాయడం లేదు. ఈ ఫొటోల టెన్షన్ గురించి ఏ స్టాఫ్ రూములో అడిగినా చెబుతారు. ఏ పాఠాన్ని దేనితో చెప్పాలో తేల్చుకునే అధికారం టీచరు చేతిలోంచి పోయింది. దాన్ని లాక్కున్న వాళ్లెవరూ ఆ తరగతి గదిలో లేరు. మమ్మల్ని కలవరపెడుతున్నది అదే.

ఇది ఒక్క రోజులో వచ్చిన జబ్బు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్లకు చెప్పే టీచర్లకు కలిపి 5.18 లక్షల ట్యాబులు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం రూ.686 కోట్లు. పాఠాలు ముందే నింపి ఇచ్చారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒప్పందం మీద సంతకాలు పెట్టిన ఇద్దరూ రెండేళ్లు తిరిగేసరికి పక్కకు తప్పుకున్నారు. ఆ రోజూ ఈ రోజూ అదే నల్లబల్ల ముందు, అదే పిల్లలకు జవాబు చెబుతూ నిలబడింది టీచరే. మరి కొనేముందు ఎన్ని బడుల్లో టీచర్లతో వాడించి చూశారు? ఏ పాఠం పిల్లలకు ఎక్కింది, ఏది మన పాఠ్యపుస్తకంతో పొసగలేదు అని ఎవరి దగ్గర రాసుకున్నారు? టీచరును అడిగారా?

పేదింటి పిల్లలకు కార్పొరేట్ బడి పిల్లలతో సమానంగా డిజిటల్ పాఠాలు అందాలన్న వాదన ఉంది, కొందరు టీచర్లు కొత్తదాన్ని ముట్టుకోరన్న ఫిర్యాదూ ఉంది. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కానీ ఆ వంకతో ఎంపిక మొత్తాన్ని పైనుంచి రుద్దడాన్ని ఒప్పుకోలేం.

మేం తెరలకు వ్యతిరేకం కాదు. ల్యాబ్ లేని జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటరాక్టివ్ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఎంత పని చేస్తుందో మాకు తెలుసు. గుండె నాలుగు గదుల్లో రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో ఏళ్ల తరబడి బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెప్పిన ఒక బయాలజీ టీచరు, ప్యానెల్ మీద కదిలే బొమ్మ వచ్చాక ఆ పాఠానికి బాణాలు గీయడం మానేశారు. అదే టీచరు పువ్వు భాగాలు చెప్పే రోజున ప్యానెల్ జోలికి పోరు. పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్లి, మందార పువ్వును బ్లేడుతో నిలువుగా కోసి చేతికిస్తారు. పుప్పొడి వేలికి అంటుకోవాలి, కీలాగ్రం జిగురు తగలాలి. గుండెకు తెర, పువ్వుకు చెట్టు అని ఆ టీచరుకు ఏ సర్క్యులరూ చెప్పలేదు. పిల్లల ముఖాలు చూసి నేర్చుకున్న విద్య అది. కరెంటు ఎప్పుడు పోతుందో, నెట్ ఎక్కడ ఆగుతుందో కూడా ఆ టీచరుకే తెలుసు. కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలు సేకరించే యూడైస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఇంటర్నెట్ ఉన్న బడులు 63.5 శాతం మాత్రమే. ఇలాంటి చోట అన్ని బడులకూ ఒకటే ఆర్డరు ఎలా వేస్తారు?

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చినప్పుడు ఏ టీచరూ నొచ్చుకోలేదు. కావాలంటే ఫోనుతో స్కాన్ చేసి, ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షలో వీడియో చూపిస్తారు, అక్కర్లేదంటే పేజీ తిప్పేస్తారు. తేడా అక్కడే ఉంది.

చేత్తో చేసుకునే సామగ్రిని చిన్నచూపు చూసేవాళ్లు ఒకసారి మదనపల్లె వైపు చూడాలి. అక్కడి రిషివ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం అక్కడివాళ్లు కార్డులు తయారు చేశారు. ఒక్కో పిల్లాడు తన వేగంతో నిచ్చెన మెట్లెక్కినట్టు ఒక్కో కార్డు దాటుకుంటూ పోతాడు. ఒకే టీచరు, నాలుగు తరగతులు ఉన్న బడి కష్టం తెలిసినవాళ్లకు మాత్రమే తట్టే ఆలోచన అది. చెన్నై కార్పొరేషన్ బడులవాళ్లు వచ్చి చూసి నేర్చుకున్నారు, తర్వాత తమిళనాడు అంతటా ఆ పద్ధతి పాకింది. అట్టముక్కల నుంచి పుట్టిన సంగతి ఇది.

సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధనోపకరణాల కోసం టీచరుకు ఏటా రూ.500 ఇచ్చేవారు. చిన్న మొత్తమే, ఇప్పుడైతే డ్రాయింగ్ షీట్లకూ స్కెచ్ పెన్నులకూ సరిపోదు. అయినా దాంతో ఏం కొనాలో టీచరే తేల్చుకునేవారు. పై లెక్క ప్రకారం ఒక్కో ట్యాబుకు సగటున రూ.13 వేల పైనే పడింది. ఒక టీచరుకు 26 ఏళ్ల గ్రాంటు అది. అంత డబ్బు మీద నిర్ణయం జరిగినప్పుడైనా, ఆ ఐదొందల విషయంలో ఉంచినపాటి నమ్మకం టీచరు మీద ఉంచలేకపోయారు.

ఇప్పుడు ఏఐ వంతు వచ్చింది. తెలంగాణలో 2025లో ప్రాథమిక బడుల్లో ఏఐ పాఠాలు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. ఆ జులైలో ఆరు స్వచ్ఛంద సంస్థలతో ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుంది. ఆ సంస్థల్లో మంచి పేరున్నవి ఉన్నాయి, పాఠాలూ మంచివే కావచ్చు. మా భయం అలవాటు గురించి. ట్యాబులప్పుడు టీచరును అడగకపోయినా చెల్లిపోయింది, ఏఐకీ అడగనక్కర్లేదనుకుంటారు, రేపు ఇంకేం వచ్చినా అంతే. సాంకేతికతను ఎవరి షరతుల మీద వాడుతున్నారని యునెస్కో 2023 నివేదికలోనే ప్రపంచాన్ని నిలదీసింది. మన దగ్గర ఆ షరతులు పెట్టేవాళ్లలో టీచరు ఎక్కడున్నారు?

అందరికంటే ఎక్కువ సిగ్గుపడాల్సింది 2020 జాతీయ విద్యావిధానాన్ని రోజూ జపించేవాళ్లు. బోధనా పద్ధతుల ఎంపికలో టీచర్లకు మరింత స్వేచ్ఛ ఇవ్వాలని ఆ పత్రంలోనే రాసి ఉంది. శిక్షణ తరగతుల్లో ఆ వాక్యాన్ని స్లైడ్ మీద చూపించి, సాయంత్రానికి టీవీ ఫొటో పంపమని మెసేజ్ పెడతారు. స్వేచ్ఛ అని రాసిన చేత్తోనే నిఘా పెట్టడం ఏం న్యాయం?

పాఠశాల విద్యాశాఖ అధికారులు రేపటి నుంచి ఆ ఫొటోలు అడగడం మానాలి. ఏ యాప్ కొన్నా, ఏ సంస్థతో కలిసినా ముందు ఒక ఏడాది కొన్ని బడుల్లో టీచర్లతో వాడించి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు జనం ముందు పెట్టాలి. టీచరు సొంతంగా ఖర్చు పెట్టుకునే గ్రాంటు ఇప్పటి ధరలకు తగ్గట్టు ఇవ్వాలి. బడికి వెళ్లిన మండల విద్యాధికారి (ఎంఈవో) టీవీ ఆన్ అయి ఉందా అని గోడ వైపు చూడటం ఆపి, 43లోంచి 17 ఎందరు పిల్లలు తీయగలుగుతున్నారో నేల మీద వాళ్ల పక్కన కూర్చుని చూడాలి. అంతపాటి ఓపిక లేనివాళ్లకు టీచర్లకు మెమోలిచ్చే కుర్చీలో కూర్చునే అర్హత లేదు.