‘చిప్‌లు వద్దు, బస్టర్ చాలు’ అనే సలహాకు ఖండన

‘మెగామ్యాన్ నెట్‌వర్క్ ట్రాన్స్‌మిషన్ జోలికి పోకండి’ అనే సందేశాన్ని ఈ నెలలోనే ముగ్గురు మిత్రులు నాకు పంపారు. నింటెండో వారి టీవీ ఆటల యంత్రం గేమ్‌క్యూబ్ కోసం వచ్చిన ఈ ఆట గురించి ఐదు అభ్యంతరాలు, చివర ఒక సలహా అందులో ఉన్నాయి: చిప్‌లు (ఒక్కొక్కటీ ఒక్కో దాడినో శక్తినో ఇచ్చేవి) వద్దు, బస్టర్ (మెగామ్యాన్ చేతి తుపాకి) చాలు అని. ఆ ఆటను ఇష్టంగా చివరిదాకా ఆడినవాణ్ణి కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

చేత్తో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ యంత్రంలోని మెగామ్యాన్ బ్యాటిల్ నెట్‌వర్క్ ఆటనే టీవీ మీదికి ఎక్కించారన్నది మొదటి అభ్యంతరం. చేతి ఆటలో మనవైపు ఉండేవి తొమ్మిది గడులే. చిప్‌లు ఎంచుకునేంతసేపూ పోరు ఆగి ఉంటుంది. ఇక్కడ గడులు లేవు. పరుగెత్తాలి, దూకాలి, నేలమీద జారాలి. ఈ సిరీస్ యజమాని క్యాప్‌కామ్ కోసం ఆరికా సంస్థ వేరుగా నిర్మించిన ఆట ఇది.

రెండు, మూడు అభ్యంతరాలు కథ గురించినవి. మూడో బ్యాటిల్ నెట్‌వర్క్ తరువాత విడుదలైంది కాబట్టి కథ కూడా ఆ తరువాతిదేనని ఒకచోట, ఈ సిరీస్ ఆటలను కలిపి 2023లో విడుదల చేసిన లెగసీ కలెక్షన్‌లో లేదు కాబట్టి అసలు కథలో భాగమే కాదని ఇంకోచోట రాశారు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవని రాసినవారికి తోచలేదు. జపాన్‌లో మూడో భాగం 2002 డిసెంబరులో, ఇది 2003 మార్చిలో వచ్చిన మాట నిజమే. కానీ కథ నడిచేది మొదటి, రెండో భాగాల మధ్య. మొదటి ఆట చివర మనం ఓడించిన లైఫ్ వైరస్ అనే శత్రువు ఇందులో కొత్త రూపంలో తిరిగి వస్తుంది. ఆ కలెక్షన్‌లో ఉన్నవి చేతి ఆటల పది రూపాలు మాత్రమే.

గొంతులు జపనీస్‌లో ఉండటం నాలుగో అభ్యంతరం. మాటలు తెరమీద ఇంగ్లీషులో కనిపిస్తూనే ఉంటాయి.

నాకు నిజంగా కోపం తెప్పించింది చివరి సలహా. ‘చిప్‌లతో కాలయాపన చేయకండి, పాత రాక్‌మ్యాన్ (మెగామ్యాన్‌కు జపాన్‌లో పేరు) ఆటల్లోలాగా బస్టర్‌తో కాల్చుకుంటూ పోండి’ అట! కొత్తవారికి ఇంతకంటే హాని చేసే మాట లేదు. మొదట్లో ఈ బస్టర్ దెబ్బ ఎంత స్వల్పమో దారిలో ఎదురయ్యే శత్రువుల్లో, అంటే వైరస్‌లలో, ఒక్కదాన్ని కాల్చి చూస్తే తెలుస్తుంది. ఈ ఆటలో బలమంతా ఫోల్డర్‌లోనే, అంటే మనం ఎంచి పెట్టుకునే చిప్‌ల కట్టలోనే ఉంది: ప్రతి చిప్‌కూ కొంత ఎంపీ (చిప్‌లు వాడే శక్తి) ఖర్చవుతుంది, కస్టమ్ గేజ్ అనే పట్టీ నిండగానే చిప్‌ల తెర తెరిచి కొత్త చిప్‌లు తీసుకుంటే ఆ ఎంపీ తిరిగి నిండుతుంది, కాబట్టి ఏ చిప్‌ను ఇప్పుడు వాడాలి, దేన్ని అధిపతి (బాస్) కోసం దాచాలి అన్న లెక్కతోనే ప్రతి అడుగూ పడాలి. ఆ లెక్క తీసేస్తే మిగిలేది ఏమిటి? సందేశం పంపిన మిత్రుడొకరు మంటలు విసిరే అధిపతి ఫైర్‌మ్యాన్ దగ్గర పదిసార్లు ఓడి ఆట మానేశాడు. ‘ఫోల్డర్‌లో ఏమేం పెట్టావురా?’ అని అడిగితే, దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదన్నాడు. నిప్పుకు నీరు విరుగుడు అన్నది ఈ సిరీస్‌లో ఓనమాలు. దాన్ని వాడుకునే దారినే ఆ సలహా మూసేసింది. ఆడకుండా రాశారో, ఆడి కూడా గమనించలేదో తెలియదు గానీ, ఇలాంటి మాటను పదిమందికి పంపడం బాధ్యత లేని పని.

ఇక మిగిలిన ఐదో అభ్యంతరం, ఆరంభం మరీ కఠినమన్నది. దీన్ని ఖండించాలనే కూర్చున్నాను గానీ ఖండించలేను. చేతిలో మంచి చిప్‌లు లేనప్పుడు, ప్రాణబలం తక్కువగా ఉన్నప్పుడు, గేజ్ ఎలా పనిచేస్తుందో ఇంకా అర్థం కాకముందే మొదటి అధిపతిగా ఫైర్‌మ్యాన్ ఎదురవుతాడు. అతని మంటలను దూకి తప్పించుకుంటూ గేజ్ వైపు చూసేలోపే నేను కూడా చాలాసార్లు కాలిపోయాను. అతణ్ణి రెండో, మూడో అధిపతిగా పెట్టి ఉండవలసింది. ఆ సందేశాన్ని ఇంకా పంపాలనుకునే మిత్రులు ఈ ఒక్క అభ్యంతరాన్ని ఉంచి, దాని కింద ‘ముందు ఫోల్డర్ తెరవండి’ అని రాసి పంపండి.