ఆ కథ కింద పేరెందుకు తీసేశారు?

ఇంగ్లండ్‌లో మన కవెంట్రీ తెలుగువాళ్ళ ఉగాది సంచికలో అందరూ మెచ్చుకున్న కథ కింద "ఒక సోదరి" అని వేశారు. విడాకులు తీసుకున్న ఒకావిడ కథ అది. రాసినమ్మాయి నాకు చెల్లెలి లాంటిది, తన పేరుతోనే పంపింది. పేరు తీసేస్తున్నామని ఆమెకు ఎవరూ ఒక్క మాటైనా చెప్పలేదు.

పండగ రోజు భోజనాల లైన్లో ఒక పెద్దాయన, ఇది కచ్చితంగా మన మాస్టారు రాసిందే, ఆ చెయ్యి నాకు తెలీదా అంటున్నారు. మాస్టారు పక్కనే ఉన్నారు, నవ్వి ఊరుకున్నారు గానీ కాదనలేదు. ఎదురుగా నిలబడి వాళ్ళిద్దరికీ పులిహోర వడ్డిస్తున్నది ఆ అమ్మాయే. గరిటె కాసేపు గిన్నెలోనే ఆగిపోయింది, తర్వాత "ఇంకొంచెం వెయ్యనా బాబాయ్ గారూ" అంది. నాకు ముద్ద దిగలేదు.

మన కవెంట్రీ పక్కనే నన్నీటన్‌లో జార్జ్ ఎలియట్ హాస్పిటల్ ఉంది కదా, ఆయనెవరని అడిగేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. ఆయన కాదు, ఆవిడ. జార్జ్ ఎలియట్ అనే కలం పేరుతో ఇంగ్లీషు నవలలు రాసిన మేరీ ఆన్ ఎవాన్స్. 1819లో అక్కడి ఆర్బరీ ఎస్టేట్‌లో పుట్టింది, మన కవెంట్రీలోనే చదువుకుంది. పెళ్ళయిన జార్జ్ హెన్రీ లూయిస్‌తో 1854 నుంచి కలిసి ఉంది, ఆయనకు భార్య నుంచి విడాకులు దొరికే దారి లేదు. 1857లో ఆ సంగతి తెలిసిన అన్న ఐజాక్, లాయరు చేత జవాబు రాయించి, చెల్లెలితో మాటలు మానేశాడు. మళ్ళీ ఉత్తరం రాసింది 1880లో, ఆవిడ వేరొకాయన్ని చట్టప్రకారం పెళ్ళి చేసుకున్నాకే. ఆ డిసెంబరులోనే ఆవిడ పోయింది.

ఇలాంటి మనుషుల మధ్య మగపేరు ఆవిడకు రక్షణే. కానీ ఆవిడ నవల 'ఆడమ్ బీడ్' 1859లో వచ్చి పేరు మారుమోగగానే, నన్నీటన్ వైపు లిగిన్స్ అనే ఆయన్ని పట్టుకుని రాసింది ఈయనే అన్నారు జనం. ఆయనా గట్టిగా కాదనలేదు. చివరికి అసలు మనిషి బయటపడక తప్పలేదు. ఆ తర్వాత కూడా పుస్తకాల మీద ఎలియట్ పేరే ఉంచుకుంది, కానీ అది ఆవిడ ఇష్టం.

కమిటీ వాళ్ళ భయం నాకు అర్థం కాక కాదు. ఇక్కడ ఫొటో పెడితే ఐదు నిమిషాల్లో గుంటూరులో పెద్దమ్మ చూస్తుంది, ఇంటి గుట్టు రట్టయిందని ఆ పిల్ల అమ్మానాన్నల్ని నలుగురూ నిలదీస్తారు. పొద్దున్నే వచ్చి కుర్చీలు మోసి, వందల మందికి వండి పెట్టే ఆ పెద్దవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. ఆమె పరువు కాపాడదామనే అనుకుని ఉంటారు. అయితే ఆ పరువు గురించి ఆమెనే అడగాలి కదండీ?

దీపావళి సంచికలో ఆ కథ మళ్ళీ వెయ్యండి, ఆమె పేరుతో. కలం పేరు కావాలని ఎవరైనా అడిగితే తప్పకుండా ఇవ్వండి, మీ అంతట మీరు మాత్రం పెట్టకండి. మాస్టారూ, మీరు కూడా మన వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయండి, ఆ కథ మీది కాదని.