ఎద్దులబండికి అభ్యంతరం లేదట

మా తోడల్లుడు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఒక పాత ఫోర్ బై ఫోర్ బండి కొన్నాడు. కొన్నవాడు దానిని సూపర్ మార్కెట్టుకు తోలుకొని ఊరుకోక, ఇంగ్లాండు పల్లెల్లోని మట్టిదారుల మీద నడిపితే తప్ప ఆ బండికీ తనకూ ముక్తి లేదని నిశ్చయించుకున్నాడు. ఇక్కడి వాళ్ళు ఈ కాలక్షేపాన్ని గ్రీన్ లేనింగ్ అంటారు. వర్షం వెలిసిన ఆదివారం ఉదయం, రాజోలు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా అత్తగారిని పులిహోర డబ్బాతో సహా వెనుక సీటులోను, మ్యాపుతో సహా నన్ను ముందు సీటులోను ఎక్కించుకొని, దక్షిణ ఇంగ్లాండులోని ఒక సుద్దనేల కొండవాలుకు బయలుదేరదీశాడు. ఆ చోటు పేరు చెప్పను. చెబితే అక్కడి స్థానిక ప్రభుత్వం, అంటే కౌన్సిల్, ఏదో తెలిసిపోతుంది. ఆ కౌన్సిల్‌తో నా వ్యవహారం ఇంకా తెమలలేదు.

మేము చట్టం తెలియక దారి తప్పిన వాళ్ళమని ఎవరూ అనుకోకూడదు. ఈ దేశంలో పాదచారుల బాటకు పసుపు బాణం, గుర్రాలు కూడా వెళ్ళగల బాటకు నీలం బాణం, మోటారు లేని బండ్లకు మాత్రమే అనుమతి ఉన్న బాటకు నేరేడుపండు రంగు బాణం, అన్ని రకాల వాహనాలకూ తెరిచి ఉన్న బైవేకు ఎర్ర బాణం పెడతారు. మేము ప్రవేశించిన చోట ఎర్ర బాణమే ఉంది. ఈ దేశపు సర్కారు మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన మ్యాపులో కూడా, ఆ దారి పొడవునా బైవేను సూచించే ఆకుపచ్చ కూడిక గుర్తులు వరుసగా ఉన్నాయి. బండికి ఇన్సూరెన్సు, రోడ్డు పన్ను, ఎం.ఓ.టి. అనే వార్షిక తనిఖీ పత్రం అన్నీ సక్రమంగా ఉన్నాయి.

లోపలి ప్రయాణం గురించి చెప్పుకోదగినదేమీ లేదు. అవతలి చివర గేటు ఉంది. గేటుకు తాళం ఉంది. తాళం పక్కన నోటీసు ఉంది. ఆ నోటీసు ముఖం మాత్రం అవతలి వైపు ఉంది.

దానిని చదవాలంటే గేటు ఎక్కక తప్పదు. ఎక్కాను. ఒక కాలు నిషేధం లోపల, మరొక కాలు నిషేధం బయట వేలాడుతుండగా, నడుము వంచి, తల కిందికి వేలాడదీసి, వాననీరు చొరబడి అక్షరాలు అలుక్కుపోయిన ప్లాస్టిక్ సంచిలోని ఆ కాగితాన్ని తలకిందులుగా చదువుతూ, అత్తగారికి అర్థమయ్యేందుకు తెలుగులో వినిపించసాగాను. 1984 నాటి రోడ్డు ట్రాఫిక్ నియంత్రణ చట్టాన్ని అనుసరించి, సదరు బైవే మీద ఏ మోటారు వాహనమూ ఏ దిక్కునకూ సాగరాదు. ఇది తాత్కాలిక ఉత్తర్వు. మామూలు రోడ్లపై ఇటువంటి ఉత్తర్వుకు పద్దెనిమిది నెలల ఆయుష్షు ఉండగా, బైవేల మీద అది ఆరు నెలలే. అందువల్ల కాబోలు, ఆ కాగితం కింద గడువు తీరిన మరొక కాగితం, దాని కింద ఇంకొకటి, పొరలు పొరలుగా ఉన్నాయి. పొలం పనులకు వెళ్ళే వాహనాలకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు పొందిన ట్రాక్టరు చక్రాలు దిగబడిన గాడిలోనే అప్పుడు మా బండి సగం మునిగి ఉంది.

"ఏ దిక్కునకూ సాగరాదంటే, ముందుకు వెళ్ళినా నేరమే, వెనక్కి వెళ్ళినా నేరమే. ఇక్కడే కాపురం పెట్టాలా?" అని మా తోడల్లుడు కిటికీలోంచి అరిచాడు.

సరిగ్గా ఆ సమయంలో అవతలి వైపు నుంచి గుర్రం మీద ఒక పెద్దావిడ వచ్చి, వేలాడుతున్న నా ముఖానికి ఎదురుగా నిలబడి, నేను క్షేమమేనా అని అడిగారు. ఇంగ్లాండులో ఈ ప్రశ్నకు క్షేమమే అని తప్ప వేరే జవాబు లేదు. తల కిందికి, కాళ్ళు పైకి ఉన్నా సరే అదే చెప్పాలి. చెప్పాను. గుర్రం నా చెవిని వాసన చూసింది. ఆవిడ ఎంతో మర్యాదగా, దిగమని గాని, దిగవద్దని గాని అనకుండా, నా ప్రస్తుత భంగిమను అసలు గమనించనట్టే, బైవేల చరిత్ర మొదలుపెట్టారు. పూర్వం ఒక దారిలో గుర్రపుబండ్లు నడిచేవని పాత దస్తావేజులతో నిరూపించగలిగితే, అదే హక్కు కార్లకూ మోటారుసైకిళ్ళకూ దక్కేదట. 2006 మే 2న ఇంగ్లాండులో ఒక కొత్త చట్టం అమలులోకి వచ్చి, అప్పటికి రికార్డులకు ఎక్కని ఆ మోటారు హక్కులను, కొద్దిపాటి మినహాయింపులు పోను, రద్దు చేసిందట. ఈ దారి అప్పటికే రికార్డుకు ఎక్కింది కనుక బతికిందనీ, అయినా ఇటువంటి ఉత్తర్వులు తప్పవనీ ఆవిడ సంతాపం తెలిపారు. సంతాపమో సంతోషమో తలకిందులుగా చూసేవాడికి సరిగ్గా తెలియదు.

అత్తగారు డబ్బా పక్కన పెట్టి కిందికి దిగారు. "మా ఊరి పుంతలో ఇంతకన్నా బురద ఉంటుంది, అల్లుడుగారూ. దానికి ఇంత కాగితమా? ఎద్దులబండి అయితే పోనిస్తారేమో అడగండి."

అడిగాను. పెద్దావిడ కాసేపు ఆలోచించి, నిషేధం మోటారు వాహనాలకే గనుక ఎద్దులబండికి చట్టప్రకారం అభ్యంతరం లేదనీ, కానీ గేటు తాళం మాటేమిటో తనకు తెలియదనీ చెప్పి, గేటు పక్కన గుర్రాలకు వదిలిన సందులోంచి మమ్మల్ని దాటుకొని వెళ్ళిపోయారు.

తడిసిన సుద్దనేల మీద బండ్లు తిరిగితే దారి పాడవుతుందన్న మాటను నేను కాదనను. రిడ్జ్‌వే అనే ప్రసిద్ధమైన ప్రాచీన బాట మీద బైవే భాగాలు చాలావాటిని అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు మోటారు బండ్లకు మూసివేస్తారు. తేదీ ముందే తెలుసు కనుక ఎవరి ఏర్పాట్లు వాళ్ళు చేసుకుంటారు. మూసిన సంగతి దారి దాటిన తరువాత, అదీ వీపు తిప్పుకొని చెప్పడం ఏ రకమైన పరిపాలన అన్నదే నా ప్రశ్న. ఎర్ర బాణం ఉన్న చివర ఒక్క మేకు కొట్టడానికి ఆ కౌన్సిల్ ఖజానా చాలలేదా?

తరువాత వెనక్కి వచ్చాము. ఆ ప్రయాణం వివరాలు మా తోడల్లుడికి, బంపరుకు, ఒక ముళ్ళకంచెకు తెలుసు.

మర్నాడు కౌన్సిల్‌కు ఫోన్ చేసి, మేము ప్రవేశించిన చివర నోటీసు లేదని ఫిర్యాదు చేశాను. ఉత్తర్వు గురించి స్థానిక పత్రికలో ప్రకటించామని అవతలి ఉద్యోగి చెప్పాడు. ఆ పత్రిక మా ఊరికి రాదన్నాను. అతడు కొంతసేపు కీబోర్డు టకటకలాడించి, మేము ఏ చివర నుంచి బయటికి వచ్చామని అడిగాడు. వెళ్ళిన చివర నుంచే, వెనక్కి నడుపుకుంటూ వచ్చామని చెప్పాను.

"అయితే సార్," అన్నాడు అతడు, "గేటు దగ్గరి నోటీసును చూసిన తరువాత కూడా మీరు ఆ దారి పొడవునా మోటారు వాహనం నడిపినట్టు రాసుకోమంటారా?"