ఆడిట్ వల్ల ఊరికి నష్టమట!

ఒకే మెసేజ్. ఒడిశాలో మన పర్లాకిమిడి స్కూలు గ్రూపులో వచ్చింది, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం చుట్టాల గ్రూపులో వచ్చింది, అది చాలదన్నట్టు గుణుపురం నుంచి బావగారు విడిగా పంపి కింద ‘తప్పక చదవండి’ అని రాశారు. చదివాను బావగారూ. కాగ్, అంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే అధికారి, ప్రభుత్వ మనిషే కాబట్టి ప్రభుత్వానికి నొప్పి తగిలేలా రాయడట. ఆడిట్ వల్ల ఇంతవరకు ఎవడూ జైలుకు పోలేదట. రిపోర్టులు జనానికి చూపించరట. ఆడిటర్లు బిరియానీ తిని సంతకం పెట్టి పోతారట. అందుకని గ్రామసభకు ఆడిట్ వాళ్లొస్తే మనం నోరు విప్పకూడదట. మామూలుగా ఇలాంటివి చూసీచూడనట్టు వదిలేస్తాను. ఆ చివరి ముక్క మాత్రం వదలబుద్ధి కాలేదు.

ముందొక సంగతి. ఇది మన దగ్గర పుట్టిన మెసేజ్ కాదు. అందులో సచివాలయం సిబ్బంది అంటాడు, వలంటీర్లు అంటాడు. మనకి సచివాలయం అంటే భువనేశ్వర్. మన పంచాయతీలో ఉండేది పీఈఓ (పంచాయతీ అధికారి), జీఆర్‌ఎస్ (ఉపాధి పనులు చూసే గ్రామ రోజ్‌గార్ సేవక్), బ్లాకులో బీడీవో. సరిహద్దు దాటించే ముందు కనీసం ఆ మాటలైనా మార్చి పంపాల్సింది.

కాగ్ సంగతి. రాజ్యాంగం 148వ అధికరణం ప్రకారం ఆయన్ని తీసేయాలంటే సుప్రీంకోర్టు జడ్జీని తీసేసినంత తతంగం జరగాలి. పదవీకాలం ఆరేళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వచ్చేదాకా. జీతం సంచిత నిధి (దేశ ఖజానా) నుంచి వస్తుంది, దాన్ని పార్లమెంటులో ఓటింగుకు పెట్టరు. పదవి దిగాక కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని ఇంకో ప్రభుత్వ పదవి తీసుకోకూడదు. ఇన్ని కట్టుదిట్టాలు ఊరికే పెట్టలేదు. అయితే ఆయన్ని ఎంపిక చేసేటప్పుడు ప్రతిపక్ష నాయకుడు గాని, ప్రధాన న్యాయమూర్తి గాని కూర్చునే కమిటీ ఏదీ లేదు. ఎవరు కావాలో ప్రభుత్వమే తేల్చుకుంటుంది. ఈ ఒక్క ముక్కలో మెసేజ్ రాసినవాడికి సగం మార్కులు ఇస్తాను.

జైలు సంగతి. 2జీ ఫోన్ స్పెక్ట్రం కేటాయింపుల మీద 2010 నాటి కాగ్ రిపోర్టులో 1.76 లక్షల కోట్ల రూపాయల అంకె చూసి దేశమంతా నోరు వెళ్లబెట్టింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. మెసేజ్‌లో మొదటిదీ మూడోదీ ఉన్నాయి, మధ్యది మాయం! ఆ అంకె మీద నాకూ అనుమానాలున్నాయి, అది చేతికొచ్చి పోయిన డబ్బు కాదు, రావలసిందేమో అన్న అంచనా. బొగ్గు గనుల మీద 2012లో రిపోర్టు వచ్చింది, 2014లో సుప్రీంకోర్టు 204 గనుల కేటాయింపు కొట్టేసింది. లెక్క తేల్చడం ఆడిటర్ పని. సంకెళ్లు వేయడం పోలీసుల పని, శిక్ష వేయడం కోర్టు పని.

రిపోర్టులు చూపించరా? అసెంబ్లీ ముందు పెట్టాక కాగ్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటాయి. ఈ మెసేజ్ వచ్చిన ఫోన్లోనే చదువుకోవచ్చు. కాకపోతే ఎప్పుడు పెట్టాలన్నదానికి 151వ అధికరణంలో గడువు లేదు. రిపోర్టు చేతికొచ్చాక కూడా ప్రభుత్వం నెలల తరబడి దగ్గర పెట్టుకుని, సమావేశాల ఆఖరి రోజున బల్ల మీద పడేయొచ్చు. కోపం తెచ్చుకోవాల్సింది దాని మీద. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

ఇక అసలు విషం. ‘ఎవరూ నోరు విప్పకండి. తప్పు బయటపడితే ఊరికి నిధులు ఆగిపోతాయి. పింఛన్లు, జాబ్ కార్డులు పోతాయి.’

సోషల్ ఆడిట్, అంటే పనుల లెక్కలు ఊరే చూసుకునే తనిఖీ, ఎందుకు పెట్టారో ఈ మహానుభావుడికి తెలియదనుకోవాలా, తెలిసే రాశాడనుకోవాలా? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ పనుల మీద సోషల్ ఆడిట్ బాధ్యతను నేరుగా గ్రామసభకే అప్పగించింది. కాగ్‌ని సంప్రదించి 2011లో చేసిన నిబంధనల ప్రకారం ఆరు నెలలకొకసారైనా అది జరగాలని పెట్టారు. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడగాలి, పని జరిగిన చోటుకెళ్లి కొలవాలి, తేలింది సభలో అందరి ముందూ చదవాలి. ఎందుకింత శ్రమ? కాగితం మీద అంతా శుభ్రంగానే ఉంటుంది కాబట్టి. మస్టర్‌లో పేరుంటుంది, వేలిముద్ర ఉంటుంది, బ్యాంకులో డబ్బు పడినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో ఆ మనిషి సూరత్‌లో పవర్‌లూమ్ మీద ఉన్నాడని భువనేశ్వర్ నుంచి వచ్చిన ఆడిటర్‌కి ఎలా తెలుస్తుంది? గంజాం జిల్లాలో సూరత్‌కి మనిషిని పంపని ఊరుందా? పక్కింటివాళ్లకు తెలుసు. వాళ్లు నోరు మూసుకుంటే దొంగ మస్టర్ అసలు మస్టర్ అయిపోతుంది. ఎవరికి లాభమో ఆలోచించండి. మీకైతే కాదు.

మన తెలుగు ఊళ్లలో ఇంకో చిక్కుంది. పల్లీ సభ (ఒడిశాలో ఊరి సభ) తీర్మానం ఒడియాలో రాస్తారు. మన పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఎందుకొచ్చిన గొడవలే అని సంతకం పెట్టి వచ్చేస్తారు. అసలే మాట్లాడని వాళ్లకి ‘మాట్లాడకండి’ అని సలహా! ‘చదివి వినిపించండి బాబూ, ఆ తర్వాతే సంతకం’ అనమని మెసేజ్ పెట్టి ఉంటే నేనే అన్ని గ్రూపులకూ పంపేవాణ్ణి.

పింఛను పోతుందట! తప్పు చెప్పినందుకు పింఛను ఆపమని ఏ నిబంధనలోనూ లేదు. ఎవరైనా అలా బెదిరిస్తే అదే సభలో చెప్పాల్సిన ఇంకో తప్పు అవుతుంది, అంతే. పైగా సోషల్ ఆడిట్‌ని ప్రభుత్వమే పూనుకుని రాష్ట్రమంతా నడిపించడం మొదలైంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2006లో. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టారు. అంటే దేశానికి దారి చూపించిన గడ్డ మీద నుంచే మనకి ‘నోరు మూసుకోండి’ అని వస్తోంది. పాతపట్నం చుట్టాలకి ప్రత్యేక ధన్యవాదాలు.

నిధులు ఆగడమన్నది మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. అదే చట్టంలో 27వ సెక్షన్ కేంద్రానికి నిధులు ఆపే అధికారం ఇచ్చింది. దాన్ని వాడి 2022 మార్చిలో కేంద్రం పశ్చిమ బెంగాల్ మొత్తానికి ఉపాధి డబ్బు ఆపేసింది. అక్రమాలు జరిగాయన్నది కారణం. తిన్నది ఎవరో, పస్తులున్నది ఎండలో మట్టి మోసినవాళ్లు. మూడేళ్లకు పైగా పరిస్థితి అదే, 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు పథకం మళ్లీ మొదలుపెట్టమంది. దీన్ని నేను సమర్థించను, సమర్థించలేను. మీ భయం ఇక్కణ్ణుంచి వచ్చిందంటే అర్థం చేసుకుంటాను. కానీ అది ఏదో ఊళ్లో ఒక ఆవిడ లేచి ‘నాకు పది రోజుల కూలీ రాలేదు’ అన్నందుకు జరగలేదు. అలా అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ మొదట్లోనే ఉండి ఉంటే, తిన్నవాళ్ల దగ్గర వసూలు చేయడానికి పేర్లు దొరికేవి, రాష్ట్రం మొత్తాన్ని ఎండబెట్టడానికి సాకు దొరికేది కాదు.

బిరియానీ మిగిలింది. తినేవాళ్లు తింటారు, నేను కాదనను. అందుకేగా సభ పెట్టి అందరి ముందూ చదవమన్నది, ఊరందరికీ బిరియానీ పెట్టడం ఏ కాంట్రాక్టరుకైనా కష్టం.