వాటర్ బెల్ కొట్టాలా, వద్దా?

పాఠం మధ్యలో గంట కొట్టి పిల్లలతో నీళ్లు తాగించే పద్ధతి 2019లో కేరళ బడుల్లో మొదలై మన బడుల్లోకీ వచ్చింది. దాని మీద ఓ హైస్కూల్లో సైన్స్ మాస్టారు, పీఈటీ మేడం వాదించుకుంటే ఇలా ఉంటుంది. నా మొగ్గు మేడం వైపే, కానీ మాస్టారి మాటలు కొట్టిపారేసేవి కావు.

మాస్టారు: దాహం ఉండగా మళ్లీ గంటెందుకు మేడం? రక్తంలో లవణాల గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడులో ఉండే హైపోథాలమస్ పసిగట్టేస్తుంది, గొంతు ఎండుతుంది, కిడ్నీలు నీళ్లు బయటికి పోకుండా పట్టి ఉంచుతాయి. అది వదిలేసి రోజుకు ఎనిమిది గ్లాసులని లెక్కలు పెట్టుకుంటున్నాం. 1945లో అమెరికా ఆహార, పోషకాహార మండలి రోజుకు 2.5 లీటర్లు అంది, అందులో ఎక్కువ భాగం తినే ఆహారంలోనే దొరుకుతుందనీ ఆ వెంటనే రాసింది. జనం మొదటి ముక్కే పట్టుకున్నారు. చారు, మజ్జిగ, పుచ్చకాయ, వీటిలో ఉండేది నీళ్లే కదా.

మేడం: దాహం వెయ్యదని నేననలేదు సార్. వేసినా తాగని పిల్లల గురించి మాట్లాడుతున్నా. తొమ్మిదో తరగతి ఆడపిల్లల బాటిళ్లు సాయంత్రం ఎత్తి చూడండి, పొద్దున ఇంట్లో నింపినవి నింపినట్టే ఉంటాయి. తాగితే బాత్రూంకి వెళ్లాలి, అక్కడ తలుపుకి గడియ ఉండదు, బకెట్లో నీళ్లుండవు. అందుకని సాయంత్రం దాకా నోరు కట్టుకుని కూర్చుంటారు, గ్రౌండ్‌కొచ్చేసరికి తలనొప్పి, కళ్లు తిరగడం. రోజూ ఇలా ఆపుకుంటుంటే యూరిన్ ఇన్ఫెక్షన్ రాదా? మగపిల్లల కంటే ఆడపిల్లలకే అది ఎక్కువని మీకు నేను చెప్పాలా?

మాస్టారు: నేననేదీ అదే! మీరు చెప్పేది బాత్రూం కష్టం, దానికి గంట ఎలా మందవుతుంది? నీళ్లు తాగించి గడియ లేని గదికి పంపితే ఆ పిల్లను ఇంకా ఇబ్బంది పెట్టినట్టే. పైగా ఎక్కువైనా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం పడిపోయింది, పరుగులో నీళ్లూ పానీయాలూ తెగ తాగి బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువని తేలింది.

మేడం: నాలుగు గుక్కలతో ఏ పిల్లకీ సోడియం పడిపోదు సార్, మారథాన్‌ని మన ఏడో తరగతికి తేకండి. ఇప్పుడు పిల్లాడు "సార్, నీళ్లు" అని లేస్తే "పీరియడ్ అయ్యాక వెళ్లు" అంటారు, రెండుసార్లు అలా అనిపించుకున్నవాడు మూడోసారి అడగడు. గంట కొడితే అడిగే పనే లేదు, పక్కవాడు తాగుతుంటే వీడూ తాగుతాడు. ఏప్రిల్లో రేకుల షెడ్డులో క్లాసు, ఫ్యాన్ తిరగదు, ఎంత చెమట పోతుందో చూస్తూనే ఉన్నారుగా.

మాస్టారు: అయితే బాటిల్ బెంచీ మీదే పెట్టుకోనివ్వండి, బాత్రూంకి అడక్కుండా వెళ్లనివ్వండి. మూత్రం రంగు చూసుకోవడం నేర్పిద్దాం, లేత పసుపైతే సరిపోయినట్టు, ముదిరితే ఇంకా తాగాలి. అది వేసవి సెలవుల్లోనూ పనికొస్తుంది, గంట బడి దగ్గరే ఆగిపోతుంది.

మేడం: నేర్పండి, వద్దన్నానా? కానీ బాత్రూం బాగయ్యేదాకా ఆగమంటే ఈ ఎండాకాలం అయిపోతుంది. రేపు హెడ్మాస్టర్ గారికి రెండూ కలిపి రాసిస్తా, రోజుకు మూడుసార్లు గంట, ఆడపిల్లల బాత్రూంకి గడియ, నీళ్లు.

మాస్టారు: గడియ పైన రాయండి, గంట కింద రాయండి, అప్పుడైతే నేనూ సంతకం పెడతా.

మేడం: గంటకి పైసా ఖర్చు లేదు సార్, రేపే మొదలవుతుంది. గడియ బిగించేదాకా మీరు హెడ్మాస్టర్ గారి వెంటపడండి.