4 ఓమ్‌ల స్పీకరైతే సౌండ్ డబుల్ అవుతుందా?

ఇంట్లో యాంప్ (యాంప్లిఫయర్), స్పీకర్ బాక్సులు పెట్టుకునేవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్పీకర్ ఓమ్‌లు, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, తగ్గేకొద్దీ సౌండ్ పెరుగుతుందట. ఉన్న యాంప్‌కే 8 ఓమ్‌ల బాక్సులు రెండేసి కలిపి కడితే డబులట. మల్టీమీటర్ 8 చూపించకపోతే స్పీకర్ డూప్లికేటట. ఇది నమ్మి కడితే యాంప్ కాలిపోవచ్చు, అందుకే ఇంత రాస్తున్నాను.

మీటర్ సంగతి ముందు తేల్చేద్దాం. అది కొలిచేది కాయిల్ తీగకున్న డీసీ రెసిస్టెన్స్ మాత్రమే. పాట ఏసీ సిగ్నల్. దానికి స్పీకర్ చూపే అడ్డే ఇంపీడెన్స్, అది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. 8 ఓమ్‌ల వూఫర్ (బాస్ స్పీకర్) మీటర్‌లో 6 దగ్గర చూపిస్తుంది, రెజొనెన్స్ దగ్గర, అంటే కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర, ఇంపీడెన్స్ 30 దాటొచ్చు. 6 చూపిందని షాపువాళ్లతో గొడవపడకండి.

ఓమ్‌లు తగ్గితే సౌండ్ పెరుగుతుందన్నదాంట్లో కొంత నిజముంది. యాంప్ 20 వోల్టులు ఇస్తోందనుకోండి. 8 ఓమ్‌ల బాక్సు 2.5 ఆంపియర్లు లాగి 50 వాట్లు తీసుకుంటుంది. 4 ఓమ్‌లదైతే 5 ఆంపియర్లు, 100 వాట్లు. వాట్లు డబులయ్యాయి, సరే. కానీ దానివల్ల పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. సౌండ్ కోసమే కొనేటట్టయితే ఓమ్‌లు కాదు, సెన్సిటివిటీ అడగండి, అంటే ఒక వాటుకి స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో.

అసలు ప్రమాదం రెండేసి బాక్సులు కలపడంలో ఉంది. రెండు 8 ఓమ్‌ల బాక్సులు పారలల్‌గా (ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి కలిపి) కడితే యాంప్‌కి కనిపించేది 4 ఓమ్‌లు. యాంప్ వెనక "6–16 ఓమ్స్" అని రాసి ఉంటే అది మోయలేని బరువు.

మా బాబాయి గృహప్రవేశానికి సరిగ్గా ఇలాగే నాలుగు బాక్సులు కట్టారు. గంటసేపు బాగానే మోగింది. తర్వాత టక్‌మని రిలే (యాంప్‌ని కాపాడే స్విచ్) పడి ఆగింది. ఆఫ్ చేసి ఆన్ చేసి, వాల్యూమ్ ఇంకాస్త పెంచారు. మూడోసారి కాలిన వాసన వచ్చింది. మూత విప్పితే హీట్ సింక్ మీద వేలు ఆన్చలేకపోయాను, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పక్కన బోర్డు నల్లబడిపోయింది. "మెసేజ్‌లో ఇలాగే కట్టమన్నారు కదరా" అన్నాడు బాబాయి. ఆ రిలే పడటమే యాంప్ చేసిన హెచ్చరిక. అప్పుడే రెండు బాక్సులు విప్పేసి ఉంటే బతికేది.

నాలుగు బాక్సులూ కావాల్సిందే అంటే, ఒకే రకం బాక్సులు రెండేసి సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కట్టండి. 16 ఓమ్‌లవుతుంది, సౌండ్ కాస్త తగ్గినా యాంప్‌కి ఢోకా ఉండదు. లేదంటే 4 ఓమ్‌లకు పనికొస్తుందని రాసి ఉన్న యాంప్ కొనండి. బాక్సు పది మీటర్ల దూరంలో ఉంటే సన్న వైరు లాగకండి, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు.

ఇక బాస్ లేదని ఓమ్‌ల వెంట పడేవాళ్లు ముందు ఎరుపు, నలుపు వైర్లు చూసుకోండి. రెండు బాక్సుల్లో ఒకదానికి అవి తారుమారైతే ఒక కోన్ బయటికి తోస్తుంటే రెండోది లోపలికి లాగుతుంది, బాస్ పోతుంది. అనుమానమొస్తే యాంప్ నుంచి వైర్లు విప్పి, వాటి కొసలకు 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించండి. వూఫర్ కోన్ ముందుకొస్తే, సెల్లు ప్లస్‌కి తగిలిన వైరే ఎరుపు టెర్మినల్‌కి వెళ్లాలి.