నోటికొచ్చింది వాగడమేనా? ఒక ఫార్వర్డుకి జవాబు

ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక ఫార్వర్డు తెగ తిరుగుతోంది. అమెరికా నటి లీసా కూడ్రో చేసిన ‘వెబ్ థెరపీ’ అనే టీవీ కామెడీ మీద రాసింది. అందులో ఉన్నదంతా కుదిస్తే ఇదీ: స్క్రిప్టు లేకుండా తీశారు కాబట్టి అందులో రాత లేదు, నోటికొచ్చింది వాగడమే. ఇంటర్నెట్‌లో మూడేసి నిమిషాల ముక్కలుగా ఊరికే చూపించినదాన్ని అతికించి టీవీకి అమ్ముకున్నారు. చూసినవాళ్ళలో సగంమంది తిట్టారు కాబట్టి ఫ్లాపు. అయినా ఇది అమెరికావాళ్ళ పైత్యం, మన దగ్గర రాసింది ఆడటమే తప్ప అప్పటికప్పుడు అల్లడం ఎక్కడుంది? ఆఖర్న అసలు చురక: ఫోన్లో షార్ట్స్ తీసుకునే మన సరిహద్దు కుర్రాళ్ళు టీవీ కలలు మానుకుంటే మంచిది.

ఆ చురక కోసమే మిగతాదంతా పేర్చారని తెలుస్తూనే ఉంది. పేర్చినవాటిలో ఒక్కటి కొంత నిజం, మిగిలినవి కావు.

చూడనివాళ్ళకి ముందు సంగతి చెప్పాలి. ఫియోనా వాలిస్ అని ఒకావిడ, ఆ వేషం కూడ్రోదే. మామూలు కౌన్సెలింగ్‌లో యాభై నిమిషాలపాటు జనం కలలూ జ్ఞాపకాలూ అంటూ సాగదీస్తారనీ, మూడు నిమిషాలు చాలనీ ఆవిడ నమ్మకం. వెబ్‌క్యామ్ ముందు కూర్చుని వైద్యం మొదలెడుతుంది. ఎదుటివాళ్ళు కష్టం చెప్పుకునేలోపే ఈవిడ సొంత గొడవ మొదలు. అదీ కథ.

ఇక మొదటి ఆరోపణ. మాటలు రాసి ఇవ్వలేదన్నది నిజమే. రాత లేదన్నది మాత్రం అబద్ధం. ఈ షోని సృష్టించిన కూడ్రో, డాన్ రూస్, డాన్ బుకటిన్‌స్కీ కలిసి కథ గీత గీసుకున్నారు. ఈ సెషన్లో ఎవరొస్తారు, వాళ్ళకేం కావాలి, ఎక్కడికి తేలాలి అన్నది ముందే ఖాయం. ఆ గీత మీద మాటలు నటులవి. ఇది రాయడం కాకపోతే మరేమిటో ఆ ఫార్వర్డు రాసినాయన చెప్పాలి.

‘నోటికొచ్చింది’ అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. కూడ్రో లాస్ ఏంజెలెస్‌లోని గ్రౌండ్లింగ్స్ నాటక బృందంలో తయారైన మనిషి. అప్పటికప్పుడు అల్లే నటనే అక్కడి చదువు. అందులో మొదటి పాఠం, ఎదుటి నటుడు ఏమిచ్చినా కాదనకుండా అందుకుని దానికి ఇంకోటి కలపడం. ఫియోనా పాత్ర తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆవిడ ఎవరిమాటా వినదు. వినని మనిషిని ఆడటం సులువనుకుంటాం గానీ, ఒకసారి మన భాషలో ఊహించుకోండి. పేషెంటు, “మా అమ్మ పోయిన దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదండీ” అంటాడు. ఈవిడ, “నిద్రంటే గుర్తొచ్చింది, నా పుస్తకం చదివితే ఇట్టే పట్టేస్తుంది” అంటుంది. నవ్వు ఎక్కడ పుట్టింది? ఆ వాక్యంలోంచి నిద్రని ఏరుకుని, అమ్మ చావుని వదిలేసిన దగ్గర. పాత్ర వదిలేసింది, నటి మాత్రం వదలకుండా విన్నది. వినకపోతే ఏది వదలాలో ఎలా తెలుస్తుంది? రాసిన డైలాగు బట్టీపట్టేవాడికి ఇంత చెవి అక్కర్లేదు, తన వంతు ఎప్పుడొస్తుందో చూసుకుంటే చాలు.

రెండోది, అతుకుల సంగతి. 2008లో లెక్సస్ కార్ల కంపెనీ నడిపిన ఎల్ స్టూడియో సైట్లో ఇది మొదలైంది. కంపెనీ డబ్బు పెట్టిన సైటు కాబట్టి ‘ఊరికే’ అనడానికి వీల్లేదు. మూడు నిమిషాలన్నది పాత్ర చెప్పే వైద్యం నిడివి. వెబ్ భాగాల్లో చాలామటుకు అంతకు మించే నడిచాయి. వైద్యం లెక్కనీ వీడియో లెక్కనీ కలిపేశారంటే ఫార్వర్డు రాసినాయన ఒక్కటైనా పూర్తిగా చూశారా అని నాకు అనుమానం. 2011లో షోటైమ్ ఛానల్‌కి వెళ్ళినప్పుడు పాత సెషన్లని కూర్చి, మధ్యలో కొత్తగా తీసినవి కలిపారు. ఇందులో దాచిందేముంది? నవలని వారపత్రికలో సీరియల్‌గా చదివి, తర్వాత పుస్తకంగా కొన్నవాళ్ళం మనం.

మూడోది, మిశ్రమ స్పందన. నేను కొంత ఒప్పుకునేది ఇక్కడే. వెబ్‌లో ఒక సెషన్ చూసి నవ్వుకుని మన పని మనం చూసుకుంటాం. అరగంటలో అవే వరసగా వస్తే అదే తెర, అదే కుర్చీ, అదే కోత. కదలిక లేదు. ఫియోనా భర్తా తల్లీ కూడా అదే కిటికీలోంచే మాట్లాడాలి. ఆ వేషాలు విక్టర్ గార్బర్, లిలీ టామ్లిన్ లాంటి ఉద్దండులు ఆడినా కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. నాకూ విసుగొచ్చింది. నచ్చనివాళ్ళ ఫిర్యాదు ఈ ఆకారం మీదే గానీ అల్లిక మీద కాదు, ఫార్వర్డు ఈ రెంటినీ ముడేసింది. ఫ్లాపు అన్నదీ కుదరదు, 2015 మొదటిదాకా నాలుగు సీజన్లు నడిచింది. అలాగని సూపర్ హిట్టనీ అనను. చందా కట్టి చూసే ఛానల్ లెక్కలు వేరు, కుర్చీ కదలని షోకి ఖర్చూ తక్కువే. మెరిల్ స్ట్రీప్ అంతటావిడ వచ్చి ఆడి వెళ్ళిందంటే మాత్రం, వాగుడు చూసి రాలేదు కదా.

నాలుగోదానికే నాకు ఎక్కువ కోపం. మన దగ్గర అల్లడం లేదట! అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం ఎందుకు పెట్టారు? అవధాని సమస్యాపూరణలో తలమునకలై ఉండగా పక్కనుంచి ఒకాయన, “స్వామీ, మీ ఇంట్లో వంట ఎవరిది?” అంటాడు. అక్కడికక్కడ చమత్కారంగా బదులివ్వాలి, పద్యం ధార తెగకూడదు. గీత ముందే గీసి ఉంది, మాట అప్పటిది. బుర్రకథలో హాస్యం చెప్పే వంత చేసేదీ అదే. కథ అభిమన్యుడి దగ్గరుంటుంది. ప్రెసిడెంటు గారు ఆలస్యంగా వచ్చి ముందు కుర్చీలో కూర్చుంటారు. వంత గుమ్మెట ఆపి, “పద్మవ్యూహంలోకి దూరడం తెలుసు గానీ, టైముకి రావడం తెలీదండీ మా బాబుకి” అంటాడు. జనం గొల్లుమంటారు, ప్రెసిడెంటూ నవ్వాల్సిందే. కథకుడు తంబుర మీటగానే మళ్ళీ వ్యూహంలోకి. ఆ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు, పక్క ఊళ్ళో ఇంకో మాట పడుతుంది.

ఇంకో సంగతి. జనం నోట ఉన్న తెలుగుని రాతలోకి తెమ్మని పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఏళ్ళతరబడి బతికింది ఈ పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒరిస్సాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వాదన రాతకి సంబంధించింది, నాటకానికి కాదు, తెలుసు. అయినా నోటిమాటని తీసిపారేసే ఫార్వర్డు ఈ ఊరి గ్రూపుల్లోనే తిరగడం చూస్తే నవ్వొస్తుంది.

ఇక కుర్రాళ్ళ సంగతి. మహేంద్రతనయ నది గట్టున నిలబడి సగం తెలుగు, సగం ఒడియాలో వీళ్ళు తీసే షార్ట్స్ కొన్ని చూశాను. బస్సులో ఒకడు తెలుగులో అడిగితే ఇంకొకడు ఒడియాలో బదులిస్తాడు, ఇద్దరికీ అర్థమవుతుంది, అర్థం కానిది కండక్టరుకే. అది రాసి ఇస్తే అంత బాగా రాదు. లోపం ఇంకోచోట ఉంది. సగానికి సగం ఎక్కడ ఆగాలో తెలీక సాగుతాయి, నవ్వొచ్చాక కూడా కెమెరా తిరుగుతూనే ఉంటుంది. వీళ్ళకి కావలసింది డైలాగులు రాసే మాస్టారు కాదు. సెషన్‌కి ముందు అరపేజీ గీత, తర్వాత మొహమాటం లేకుండా కోసే ఎడిటరు. అరగంట షో తీస్తామంటే మాత్రం ఆ బస్సు దిగి ఇంకో నాలుగు చోట్లకి వెళ్ళమంటాను. ఫియోనాకి ఆ వీలు లేకపోయింది, వీళ్ళకుంది.